పెరటి అంజూరకు కత్తెరే ప్రాణం

అంజూర చెట్టు కొత్త కొమ్మ మీద కాస్తుంది. ఆ ఏడాది వేసిన చిగురు సాగేకొద్దీ ఆకు తొడిమ పక్కన చిన్న ఆకుపచ్చ గుండు ఒకటి బయటికొస్తుంది. అదే కాయ. పాత కొమ్మ ఎంత లావుగా ఉన్నా నీడ ఇస్తుందే తప్ప కాయ ఇవ్వడం తక్కువ. బళ్లారి ప్రాంతంలో ఈ పండును పెంచేవాళ్ల పనంతా ఈ ఒక్క లక్షణం చుట్టూ తిరుగుతుంది. ఎప్పుడు కత్తిరించాలి, ఎంత కత్తిరించాలి, తర్వాత వచ్చిన చిగుళ్లలో ఎన్ని ఉంచాలి అన్నది తెలిస్తే మిగతావి చిన్న పనులే.

దేశంలో అంజూరను అమ్మకానికి పండించే చోట్లు కొన్నే. మహారాష్ట్రలో పుణె దగ్గరి పురందర్, కర్ణాటకలో బళ్లారి పరిసరాలు, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం వైపు ఈ తోటలు కనిపిస్తాయి. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బళ్లారికి దక్కిన గౌరవం మరో రకం. ఉద్యాన శాస్త్ర పుస్తకాల్లో ‘పూనా’ రకం సరసన ‘బళ్లారి’ రకం ఊరి పేరుతోనే నిలిచింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలో చాలా భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. జిల్లా రెండుగా చీలినా నేల, ఎండ, వాన మారలేదు. సరిహద్దుకు ఇవతలైనా అవతలైనా అంజూరకు చేసే చాకిరీ ఒకటే.

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని దోణిమలై ఇనుప ఖనిజపు కొండ. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ ఇక్కడి గనిని 1977లో మొదలుపెట్టింది. గనితోపాటే పెరిగిన టౌన్‌షిప్‌లో కన్నడం, తెలుగు, హిందీ పక్కపక్క గుమ్మాల్లోనే వినిపిస్తాయి. బళ్లారి మైదానం కంటే ఈ కొండల్లో వాన ఎక్కువ, పచ్చదనమూ ఎక్కువే. నేల మాత్రం ఎర్ర గరప. రాయి ఎక్కువ, లోతు తక్కువ, పోసిన నీళ్లు నిలవవు. చాలా పండ్ల మొక్కలకు ఇది లోపం. అంజూరకు ఇదే మేలు, ఎందుకంటే వేరు దగ్గర నీరు నిలిస్తే ఈ చెట్టు ఓర్చుకోదు.

పెరట్లో అంజూరకు బదులు వేరే మెత్తని పండు వేయాలన్న కోరికా కొందరికి ఉంటుంది. అమెరికాలో రాస్ప్‌బెర్రీ సాగుకు పేరున్న వాషింగ్టన్ రాష్ట్రంలో పిల్లల ఇంటికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లకు ఆ పండు మీద మనసవడం సహజం. ఆ మొక్క ఇక్కడా దొరుకుతుంది, కొని తెచ్చుకోవచ్చు. కాయించడమే కష్టం. ఎర్ర రాస్ప్‌బెర్రీ మొగ్గ విచ్చుకోవాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు ఉండాలి, చాలా రకాలకు 800 గంటలు దాటాలి. దోణిమలైలో అంత చలి పడదు. పైగా ఏప్రిల్ ఎండకు ఆకు మాడిపోతుంది. మైసూర్ రాస్ప్‌బెర్రీ అనే ముళ్ల పొద ఒకటి ఉంది. పేరు దగ్గరిదే అయినా దాని సొంత చోటు పడమటి కనుమలు, హిమాలయాల చల్లని తడి వాలులు. ఏటా కత్తిరిస్తే ఏటా కాసే మెత్తని పండు పెరట్లోనే కావాలనుకునే బళ్లారి ఇంటికి అంజూరే తగిన మొక్క.

పురుగు భయం, కందిరీగ కథ

అంజూర మర్రి, రావి, మేడి చెట్ల కుటుంబానిదే. మేడిపండు విప్పితే పురుగులుంటాయన్న మాట తెలుగు పిల్లలకు బడిలోనే తెలుస్తుంది కాబట్టి అంజూరను కొరికే ముందు అదే అనుమానం చాలామందికి వస్తుంది. ఈ కుటుంబంలో పువ్వు బయటికి కనిపించదు. కాయలా కనిపించే గుండు లోపలి గోడకే వందల పూలు అతుక్కుని ఉంటాయి. మేడి, మర్రి వంటివాటిలో ఒక సన్నని కందిరీగ జాతి కాయ కన్నంలోంచి దూరి, లోపల గుడ్లు పెట్టి, పుప్పొడి మోస్తుంది. టర్కీలో ఎండబెట్టే స్మిర్నా అంజూరకూ అలాంటి కందిరీగ తప్పనిసరి. బళ్లారి, పూనా రకాలకు ఆ అవసరం లేదు. ఫలదీకరణ జరగకుండానే కాయ పెరిగి పండుతుంది, కనుక పెరట్లో ఒకే చెట్టున్నా చాలు. మంచి పండులో పురుగు ఉండదు. పగిలిన పండులోకి, నేల రాలిన పండులోకి చీమ, ఈగ చేరితే అది వేరే సంగతి. ఇలా కందిరీగతో పనిలేని అంజూరను మనిషి ఎంచుకోవడం చాలా పాతది. జోర్డాన్ లోయలోని గిల్గాల్‌లో దొరికిన, దాదాపు 11,400 ఏళ్లనాటి మాడిన అంజూర కాయలు ఈ కోవవేనని 2006లో పరిశోధకులు ప్రకటించారు.

నాటడం తేలిక. ఏడాది వయసున్న, పెన్సిలు కంటే కాస్త లావైన కొమ్మ నుంచి జానెడు పొడవు ముక్క కోసి, నాలుగైదు కణుపులు ఉండేట్టు చూసి, మూడింట రెండు వంతులు ఇసుక కలిపిన మట్టిలో దిగేస్తే రెండు నెలల్లో వేరు పడుతుంది. కత్తిరింపుల కాలంలో ఎవరి చెట్టు కిందైనా ఈ ముక్కలు కుప్పగా దొరుకుతాయి. గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు తీయాలి. గరప నేలలో అంతకంటే లోతు తీసినా మంచిదే. తీసిన రాయి పక్కన పెట్టి, పైమట్టి, చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపాలి. వేపపిండి ఇక్కడ తప్పనిసరి. వేళ్ల మీద బుడిపెలు కట్టించే నులిపురుగుకు అంజూర ఇట్టే లొంగిపోతుంది. చెట్టు చుట్టూ బంతి మొక్కలు వేయడం కూడా అందుకే. ఇంటి గోడకు, నీళ్ల తొట్టికి కనీసం పది పన్నెండు అడుగుల దూరం పాటించాలి, ఎందుకంటే తడి ఎక్కడుంటే ఈ వేరు అక్కడికి దారి వెతుక్కుంటుంది. టౌన్‌షిప్ క్వార్టర్ వెనక అంత జాగా లేనివాళ్లు అడుగున కన్నాలు పెట్టిన పెద్ద డ్రమ్ములో పెంచుకోవచ్చు. వేరు డ్రమ్ములోనే కట్టుబడి ఉంటే చెట్టు పొట్టిగా ఉండి తొందరగా కాస్తుంది. అయితే రెండు మూడేళ్లకోసారి మట్టి మార్చాలి.

కత్తిరింపు

నాటిన మొక్క మోకాలి ఎత్తు దాటి రెండున్నర అడుగులకు చేరగానే తల తుంచాలి. పక్కలకు వచ్చే చిగుళ్లలో నాలుగు దిక్కులకు నాలుగు ఉంచి మిగిలినవి తీసేయాలి. ఇవే చెట్టుకు జీవితాంతం మూల కొమ్మలు. చాలా పెరళ్లలో ఈ పని జరగదు. చెట్టు డాబా దాకా పెరిగి, కాయంతా పైన కాస్తుంది, అది పక్షుల పాలవుతుంది. అందుకే చేతికందే ఎత్తులో చెట్టును ఆపడం మొదటి మూడేళ్లలోనే జరగాలి.

తర్వాత ఏటా ఒక పెద్ద కత్తిరింపు చేయాలి. ఈ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన బాగా పడుతుంది. వానల్లో పండిన అంజూర నీరుగా, పుల్లగా ఉండి చెట్టు మీదే పగిలిపోతుంది. పొడి ఎండలో పండినది తేనెలా ఉంటుంది. మహారాష్ట్ర రైతులు మొదటిదాన్ని ఖట్టా బహార్, రెండోదాన్ని మీఠా బహార్ అంటారు. కత్తిరించిన నాలుగు, నాలుగున్నర నెలలకు పండు చేతికొస్తుంది కాబట్టి కావలసిన పండు కాలం నుంచి వెనక్కి లెక్క కట్టాలి. దోణిమలైలో ఆ లెక్క దసరా దాటాక, దీపావళి లోపు పడుతుంది. వానలు తగ్గుముఖం పట్టగానే పాదు తవ్వి, వేర్లకు కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆకు పసుపెక్కి రాలడం మొదలయ్యాక కత్తెర పట్టాలి. అప్పుడు కత్తిరిస్తే ఫిబ్రవరి చివర నుంచి పండు మొదలై ఎండల్లో సాగుతుంది.

ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి, మొదట్లోంచి లేచిన పిలకలు ముందు తీసేయాలి. మిగిలిన నిరుటి కొమ్మలను మూడు నాలుగు కణుపులు ఉంచి పైదంతా కోసేయాలి. కోత ఎప్పుడూ బయటి వైపు చూసే మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా పడాలి. ఆ మొగ్గ చిగురు బయటికి సాగుతుంది, చెట్టు నడుమ ఎండ పడుతుంది. కొత్తగా చూసేవాళ్లకు పచ్చని చెట్టును ఇలా మోడు చేయడం ప్రాణం ఒప్పదు. అయినా చేయాలి. సగం మనసుతో కొనలు మాత్రం తుంచిన చెట్టు సన్నని చిగుళ్లు వేసి, గోళీలంత కాయలు కాస్తుంది. రెండు మూడు వారాలకు గుత్తులుగా వచ్చే చిగుళ్లలో కొమ్మకు రెండు బలమైనవి ఉంచి తక్కినవి వేలితో గిల్లేయాలి. పెద్ద గాయాలకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో ముద్ద పూయాలి.

కోసిన చోట కారే పాలతో జాగ్రత్త. అంజూర పాలు చర్మాన్ని దురద పెట్టించడమే కాదు, అవి అంటిన చోట ఎండ తగిలితే బొబ్బలు లేచి నల్లని మచ్చలు వారాలపాటు ఉండిపోతాయి. పొడుగు చేతుల చొక్కా, గ్లవుజులు వేసుకుని, చల్లని పూట పని ముగించి, వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలను ఆ దగ్గరికి రానీయకూడదు.

కత్తిరించిన వారంలోనే పాదుకు రెండు గంపల చివికిన ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టాలి. ఎండాకాలంలో ఎదిగిన చెట్టుకు రోజుకు పదిహేను ఇరవై లీటర్లు చాలు. ఎంత పోశామన్న దానికంటే రోజూ ఒకేలా పోయడం ముఖ్యం. నాలుగు రోజులు మరిచి ఐదో రోజు పాదు నింపితే పండు పగులుతుంది. పాదు మీద ఎండుగడ్డి పరిస్తే గరప నేల తడి నిలుపుకుంటుంది. యూరియా ఎక్కువైతే ఆకు అరచేయంత కాక విస్తరంత పెరుగుతుంది, కాయ మాత్రం నిలవదు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కాయ మొదటి వారాల్లో గబగబా పెరిగి, తర్వాత కొన్ని వారాలు కదలకుండా ఉండిపోతుంది. అది జబ్బు కాదు, దాని నైజం. ఆ రోజుల్లో కంగారుపడి మందులూ ఎరువులూ వేయనక్కర్లేదు. పండే ముందు కొద్ది రోజుల్లోనే రెట్టింపు ఊరుతుంది.

తుప్పు, తొలుచు పురుగు, ఎర్ర దుమ్ము

అంజూరకు పెద్ద శత్రువు తుప్పు తెగులు. ఆకు అడుగున గోధుమ రంగు పొడి బొబ్బలు లేస్తాయి, పైన పసుపు చుక్కలు పడతాయి, ఆకు ముందుగానే రాలుతుంది. ఆకులేని కొమ్మ మీది కాయ తీపి ఎక్కదు. రాలిన ఆకులో తెగులు బతికే ఉంటుంది కాబట్టి ఊడ్చి తగలబెట్టడం సగం వైద్యం. మిగతా సగం బోర్డో మిశ్రమం. పది లీటర్లకు నూరు గ్రాముల మైలుతుత్తం, నూరు గ్రాముల సున్నం కావాలి. రెండిటినీ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో అయిదేసి లీటర్ల నీళ్లలో కరిగించి, కర్రతో తిప్పుతూ మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి. ఇనుప బకెట్ వాడకూడదు. కలిపాక మెరిసే కత్తి మొన ఒక నిమిషం ముంచి తీయాలి. దాని మీద రాగి రంగు పూత కనిపిస్తే ఆకు మాడుతుంది, మరికాస్త సున్నం నీళ్లు పోయాలి. కత్తి తెల్లగానే ఉంటే మిశ్రమం సరిపోయింది. అదే రోజు చల్లేయాలి. చిగురు విప్పాక ఒకసారి, మబ్బు పట్టి మంచు కురిసే రోజుల్లో మరొకటి రెండుసార్లు చల్లితే చాలు. పండు రంగు మారే వేళకు ఆపేయాలి.

కాండం మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి కనిపిస్తే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే. వేలెడంత పొడవు పెంకు పురుగు బెరడులో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల మానును లోపల్నుంచి తినేస్తుంది. పొడి రాలే కన్నం వెతికి సైకిల్ పుల్ల దూర్చి పురుగును గుచ్చి తీయాలి, కిరసనాయిల్లో ముంచిన దూది కుక్కి, పైన బంకమట్టి మెత్తాలి. పది రోజులకోసారి చెట్టు మొదలు చూసే అలవాటే ఇక్కడ అసలు మందు.

ఖనిజం లారీలు తిరిగే దారుల పక్కనున్న పెరళ్లలో మరో బెడద ఉంది. అంజూర ఆకు గరుకు కాబట్టి ఎర్ర దుమ్మును పట్టి ఉంచుతుంది. దుమ్ము కప్పిన ఆకుకు వెలుగు అందదు, పైగా నల్లి చేరుతుంది. వారానికోసారి పైపుతో ఆకులు కడగాలి, తెల్లవారుజామునే కడగాలి. సాయంత్రం కడిగితే రాత్రంతా తడి నిలిచి తుప్పును పిలిచినట్టవుతుంది.

కోత, ఎండబెట్టడం

అంజూర కోశాక పండదు. పచ్చిగా కోసి బియ్యంలో పెట్టినా మెత్తబడుతుందేమో కానీ తీపి రాదు. పండు మెడ వంగి కిందికి వేలాడాలి, తొక్క మీద సన్నని చీలికలు పడాలి, నొక్కితే మెత్తగా తగలాలి, తొడిమ దగ్గర పాలు కారకూడదు. పొద్దున చల్లదనంలో తొడిమతో సహా తుంచి, ఒకే వరసలో పళ్లెంలో పరచాలి. బయట ఒకరోజు, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. సంతకు వచ్చే అంజూర కాస్త పచ్చిగా కోసినదే, మరో దారి లేదు. పెరటి పండుకున్న విలువంతా ఇందులోనే ఉంది. పిట్టలు, గబ్బిలాలు మనకంటే ముందే పసిగడతాయి కాబట్టి రంగు తిరిగిన కాయలకు పల్చని గుడ్డ సంచులు కట్టాలి.

పండు ఎక్కువైతే ఎండబెట్టుకోవచ్చు. ఈ దేశంలో అమ్మే ఎండు అంజూరలో చాలా భాగం అఫ్గానిస్థాన్‌ది. బళ్లారి రకం అంత లావుగా, కండగా ఎండదు, రుచి మాత్రం బాగుంటుంది. మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, ఆరబెట్టి, దోమతెర కింద డాబా మీద వారం రోజులు ఎండనిస్తే మూడు నాలుగు కిలోలకు ఒక కిలో మిగులుతుంది. రక్తం పట్టడానికి అంజూర తినమంటారు. కానీ నూరు గ్రాముల తాజా పండులో ఇనుము అర మిల్లీగ్రాము కూడా లేదు, ఎండుదానిలో రెండు మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పీచు, కాల్షియం, పొటాషియం కోసం తినడానికి ఇది మంచి పండు. రక్తహీనతకు డాక్టరు రాసిన మాత్రల స్థానంలో దీన్ని పెట్టుకోకూడదు.

కోత అయ్యాక జూన్ నుంచి చెట్టుకు నీళ్లు మానేయవచ్చు. వాన నీరు పాదులో నిలవకుండా గండి కొట్టాలి. చాలా ఏళ్లు కాసి, కాయ తగ్గి, కొమ్మలు గుల్లబారిన చెట్టును పీకనక్కర్లేదు. కత్తిరింపుల కాలంలో మూల కొమ్మలను రెండు మూడడుగుల ఎత్తులో రంపంతో కోసి, గాయాలకు బోర్డో ముద్ద పూస్తే కొత్త పిలకలు వేస్తుంది. వాటిలో నాలుగింటిని నిలిపి పెంచితే మరుసటి ఏడాదో, ఆపై ఏడాదో మళ్లీ కాపుకొస్తుంది.