ఒక్క ఓటమితో ఇంటికేనా?

మన వార్షికోత్సవ ఆటలన్నీ నాకౌట్ పద్ధతిలోనే జరుగుతాయి. ఒక్క ఆట ఓడితే గట్టున కూర్చోవడమే. ఈసారి బాస్కెట్‌బాల్‌లో మేము ఒక్క పాయింటు తేడాతో మొదటి రోజే గట్టెక్కాం. అందుకే ప్లేఆఫ్ సంగతి రాస్తున్నాం.

లీగ్‌లో ప్రతి జట్టూ మిగతా జట్లతో ఆడుతుంది. పట్టికలో ముందున్న జట్లు కప్పు కోసం ఆడేవే ప్లేఆఫ్‌లు.

మనకు తెలిసిన వేసవి లీగ్ ఐపీఎల్. అందులో 2011 నుంచి మొదటి రెండు జట్లు క్వాలిఫయర్-1 ఆడుతున్నాయి. గెలిస్తే ఫైనల్, ఓడినా మరో అవకాశం. మూడు, నాలుగు స్థానాల వారిది ఎలిమినేటర్. ఓడితే ఇంటికే, గెలిస్తే క్వాలిఫయర్-1లో ఓడిన జట్టుతో క్వాలిఫయర్-2. 2016లో మూడో స్థానంలో నిలిచిన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఎలిమినేటర్, క్వాలిఫయర్-2, ఫైనల్ వరసగా గెలిచి కప్పు తెచ్చింది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్లో ఏడు ఆటల్లో నాలుగు గెలవాలి. అదే 2016లో క్లీవ్‌లాండ్ జట్టు 1-3తో వెనుకబడి, మిగిలిన మూడూ గెలిచింది.

మన నాలుగు జట్లకు నాకౌట్ అయితే 3 ఆటలే. లీగ్ 6, ప్లేఆఫ్‌లు 4, మొత్తం 10. స్టడీ అవర్‌కు ముందు రోజుకు రెండు చొప్పున అయిదు సాయంత్రాలు చాలు. ఏ జట్టుకైనా కనీసం నాలుగు ఆటలు దక్కుతాయి.

వచ్చే ఏడాది ఇలా జరపాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. విజయవాడలో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలు తలో సాయంత్రం రిఫరీగా రావాలి. ఓడినా రేపు మళ్లీ ఆట ఉందంటే మన చిన్న తరగతుల తమ్ముళ్లు బంతి వదలరు.