రహదారిపై దిగే పిడుగు

బిలాస్‌పూర్ మీదుగా కోర్బా బొగ్గును మోసుకుపోయే గూడ్సు రైలును చూసినవారికి దాని పొడవు ఎరుకే. సుమారు అరవై వ్యాగన్లు. కొస నుంచి కొసకు 600 మీటర్లకు పైమాటే. ఎన్నో తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఆ ఊరిలో అది నిత్యదృశ్యం. ధ్వనికి రెండింతల వేగంతో పోగల యుద్ధవిమానమొకటి ఆ రైలు పొడవైనా లేని చోట దిగి ఆగగలదంటే నమ్మబుద్ధి కాదు. స్వీడన్ ఇంజనీర్లు అటువంటి విమానాన్ని నిర్మించారు. దాని పేరు విగ్గెన్. వారి భాషలో పిడుగు అని అర్థం.

2024లో నాటోలో చేరేవరకు స్వీడన్ ఏ సైనిక కూటమికీ చెందని దేశం. యుద్ధమే వస్తే ముందుగా ధ్వంసమయ్యేవి తన విమానాశ్రయాలేనని దాని సేనానులు తలచారు. అందుచేత విమానాలను అడవుల మాటున చెదరగొట్టి ఉంచి, తిన్నని రహదారులనే రన్‌వేలుగా వాడాలని సంకల్పించారు. జంట త్రిభుజాల వంటి రెక్కలతో 1955లో ఎగిరిన డ్రాకెన్ ఆ బాటలో తొలి అడుగు. 1967 ఫిబ్రవరి 8న ఎగిరిన విగ్గెన్ దానిని మించిపోయింది.

ప్రధాన రెక్కలకు ముందు మరొక చిన్న రెక్కల జత ఉండడంవల్ల తక్కువ వేగంలోనూ అది నిలకడగా తేలేది. నేలను తాకి ముందు చక్రం అణగగానే ఇంజను వాయుధార ముందువైపునకు మళ్లేది. 500 మీటర్లలో ఆగేది. కావాలంటే ఆ బలంతోనే వెనక్కి నడిచేది కూడా! ఎత్తు తక్కువగల షెడ్లలో పట్టేందుకు తోక మడిచేవారు. ఇంధనం నింపి ఆయుధాలు అమర్చేవారిలో అధికులు నిర్బంధ సైనికసేవకు వచ్చిన యువకులే. వేగం మాట అటుంచితే, కొద్దిపాటి శిక్షణ గలవారి చేతికి అమరేలా యంత్రాన్ని మలచడమే ఇందులో అసలైన ప్రతిభ అని తోస్తుంది.

ఈ పిడుగు మన దేశానికి వచ్చే అవకాశం ఒకప్పుడు ఉండేది. 1970ల చివర భారత వైమానిక దళం శత్రుభూమిలోనికి దూరంగా చొచ్చుకుపోగల విమానం కోసం వెదకుతూ జాగ్వార్, మిరాజ్‌లతోపాటు విగ్గెన్‌నూ పరిశీలించింది. చిక్కల్లా ఇంజనుతోనే వచ్చింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737లను నడిపిన అమెరికా ఇంజనునే వోల్వో సంస్థ యుద్ధానికి తగినట్లు మార్చి విగ్గెన్‌కు అమర్చింది. 1978లో అమెరికా ఆ ఎగుమతికి అనుమతి నిరాకరించింది. భారత్ జాగ్వార్‌ను ఎంచుకున్నది. 1979 నుంచి అవి రాసాగాయి.

329 విగ్గెన్లు తయారైనా ఒక్కటీ విదేశానికి అమ్ముడుపోలేదు. 2005లో అవి విరమించాయి. వాటి వారసుడు గ్రిపెన్ ఇంజనుకు మూలం అమెరికాదే. 2001 జనవరి 4న మన తేజస్ తొలిసారి గాలిలోకి లేచినదీ అమెరికా ఇంజనుతోనే.