‘అబేట్’ అంటే తగ్గడమేనా?

వాన తగ్గినా, జ్వరం తగ్గినా, బియ్యం ధర తగ్గినా మనకు ఒక్క ‘తగ్గడం’ చాలు. ఇంగ్లిషులో అలా కుదరదు. బియ్యం ధరకి ‘అబేట్’ మామూలుగా వాడరు. గాలివాన, వరద, నొప్పి, కోపం... ఉద్ధృతంగా ఉన్నది నెమ్మదిస్తేనే ఆ మాట. దీని మూలం పాత ఫ్రెంచి. అక్కడ అర్థం కొట్టి పడగొట్టడం. కబేళాకున్న ‘అబట్వార్’ అనే పేరూ ఆ కుదురులోదే!

కోర్టులో మాత్రం అబేట్ అంటే తగ్గడం కాదు, ఏకంగా ఆగిపోవడం. పొలం కోసం దావా వేసిన పెద్దాయన మధ్యలో కన్నుమూశారనుకోండి. ఆయన స్థానంలో తమను చేర్చమని వారసులు 90 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. లేదంటే ఆయన వరకూ దావా అబేట్ అయిపోతుంది. జడ్జిగారు ప్రత్యేకంగా ఉత్తర్వు కూడా ఇవ్వక్కర్లేదు. అదే తగాదా మీద కొత్త దావా వేద్దామంటే కుదరదు. అబేట్‌మెంట్‌ను రద్దు చేయమని అడగడానికి మరో 60 రోజులుంటాయి. అదీ దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపించాలి.

‘నాన్న కేసు ప్లీడరుగారు చూసుకుంటారులే’ అనుకుంటారు పిల్లలు. నాన్న పోయిన కబురు ఆ ప్లీడరుగారికి చెప్పేదెవరు మరి? వాదనలు పూర్తయి, తీర్పు వెలువడేలోగా పోతే మాత్రం ఈ బెడద లేదు.