ఎగుమతి ప్రోత్సాహకం కూడా ఆదాయమే

విశాఖ రేవు నుంచి రొయ్యలు పంపే వ్యాపారి శీతల గిడ్డంగి కరెంటు మీద విద్యుత్ సుంకం కడతాడు, లారీ డీజిల్ మీద వ్యాట్ భరిస్తాడు. ఇవి జీఎస్టీలో తిరిగి రావు. ఆ భారం సరుకు ధరలో కలిసి విదేశాలకు వెళ్లకూడదని కేంద్రం 2021 జనవరి 1 నుంచి రోడ్‌టెప్ పథకం కింద కొంత వెనక్కి ఇస్తోంది. దిగుమతి ముడిసరుకు మీద కట్టిన కస్టమ్స్ సుంకానికి డ్యూటీ డ్రాబ్యాక్ ఎప్పటినుంచో ఉంది. మనం కట్టిన పన్నే మనకు తిరిగొస్తే దాని మీద మళ్లీ ఆదాయపు పన్ను ఎందుకు?

జవాబు ఖాతాల్లోనే ఉంది. సుంకం కట్టినప్పుడు వ్యాపారి దాన్ని ఖర్చుగా రాసుకున్నాడు, ఆ మేరకు లాభం తగ్గింది, పన్నూ తగ్గింది. తగ్గించుకున్న ఖర్చు తిరిగొచ్చినప్పుడు ఆదాయంలో చూపడమే న్యాయం. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 28 నగదు సాయాన్నీ, డ్రాబ్యాక్‌నూ వ్యాపార ఆదాయంగానే చెప్పింది.

ఏ ఏడాది ఆదాయంగా చూపాలన్నదే అసలు చిక్కు. సరుకు మార్చిలో ఓడెక్కుతుంది, ప్రయోజనం ఆగస్టులో అందుతుంది. 2013లో ఎక్సెల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు, దాన్ని నిజంగా వాడుకునేదాకా ఊహాజనిత ఆదాయం మీద పన్ను వేయరాదంది. అయితే 2018 ఆర్థిక చట్టం సెక్షన్ 145బీ తెచ్చింది. దాని ప్రకారం ప్రోత్సాహకం వస్తుందని సహేతుకమైన నిశ్చయం ఏర్పడిన ఏడాదే అది ఆదాయం. డబ్బు చేతికందేదాకా ఆగుతామంటే కుదరదు.

ప్రోత్సాహకం అమ్ముకోదగిన పత్రంగా వస్తే ఇంకో లెక్క. పాత డీఈపీబీ పథకంలో లక్ష రూపాయల పత్రాన్ని 1,05,000కు అమ్మారనుకుందాం. మొత్తం సొమ్మూ బదిలీ లాభమేనని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. 2012లో టాప్‌మన్ ఎక్స్‌పోర్ట్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముఖ విలువ లక్ష నగదు సాయం, పైన వచ్చిన 5,000 మాత్రమే బదిలీ లాభం అని తేల్చింది.

మినహాయింపుల విషయంలో మాత్రం కోర్టు కఠినంగానే ఉంది. కొత్త పరిశ్రమల లాభాలకు సెక్షన్ 80-ఐబీ రాయితీ ఉండేది. డ్రాబ్యాక్, డీఈపీబీ సొమ్ము పుట్టేది ప్రభుత్వ పథకం నుంచే తప్ప కర్మాగారం నుంచి కాదని, కాబట్టి ఆ రాయితీ దానికి దక్కదని 2009లో లిబర్టీ ఇండియా తీర్పు చెప్పింది. 2023లో సరాఫ్ ఎక్స్‌పోర్ట్స్ కేసులోనూ అదే మాట నిలిచింది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల సంఖ్యలు వేరు. ఎగుమతిదారులు ప్రతి షిప్పింగ్ బిల్లుకూ రావాల్సిన ప్రోత్సాహకాన్ని విడిగా రాసిపెట్టుకోవాలి. మార్చి 31 లోపు ఆ పట్టికను ఆడిటర్‌కు చూపించి, ఏది ఈ ఏటిదో, ఏది వచ్చే ఏటిదో తేల్చుకోవాలి.