స్వచిత్తమును అప్పగించుట: నంద్యాల సంఘ చరిత్ర వెలుగులో

స్వచిత్తాన్ని దేవునికి అప్పగించడమంటే కోరికలు లేకుండా ఉండడమని మనం తరచుగా బోధిస్తాము. అయితే గెత్సేమనేలో యేసు ప్రభువు తన కోరికను దాచలేదు. తండ్రి ఎదుట దానిని చెప్పి, ఆ తరువాత ఆయన చిత్తానికి లోబడ్డాడు (లూకా 22:42). కనుక మన కోరికను మన కోరికే అని ఒప్పుకోవడం అప్పగింతకు మొదటి మెట్టు.

ఇది ఎంత కష్టమో మన కర్నూలు, కడప ప్రాంతపు సంఘ చరిత్రలో చూస్తాము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు లండన్ మిషనరీ సొసైటీ సేవ ఫలితమైన కడప ప్రాంత సంఘాలు అందులో చేరాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులలో అనేకులు చేరలేదు. బిషప్పు హస్తనిక్షేపణ పొందని సేవకులను అంగీకరించడం ఆనాటి ఆంగ్లికన్లలో పెద్ద అభ్యంతరం. 1963లో నంద్యాల ప్రత్యేక డయోసిస్ అయ్యింది. 1975లో అది దక్షిణ ఇండియా సంఘములో చేరింది.

ఆ 28 ఏళ్లు ఇరుపక్షాలవారూ ప్రభువు ప్రార్థనలో దేవుని చిత్తాన్నే కోరారు. ఎవరిది మనస్సాక్షి, ఎవరిది పంతం అని తీర్పు తీర్చడం మన పని కాదు. మనస్సాక్షీ పంతమూ ఒకే భాష మాట్లాడతాయని మాత్రం గ్రహించాలి.

మరి తేడా ఎలా తెలుస్తుంది? మనస్సాక్షి వాక్యపు పరీక్షకు నిలుస్తుంది, ఎదుటి సహోదరుని మాట వింటుంది. పంతం వినదు. సంఘ కమిటీ ఎన్నికలో, కాపరి బదిలీలో, అన్నదమ్ముల పొలం పంపకంలో ఈ పరీక్ష మనకు ఎదురవుతూనే ఉంటుంది. "ఇది దేవుని చిత్తము" అని సంఘానికి ప్రకటించే ముందు, "ప్రభువా, ఇది నా కోరిక" అని మోకాళ్ల మీద చెప్పడం కాపరి నేర్చుకోవాలి.