తిన్నని వేట

కన్నప్ప కథ ఎరుగని తెలుగువాడు అరుదు. ఆ పేరు వినగానే మనకు స్ఫురించేది శివునికి తన కన్ను పెకలించి యిచ్చిన బోయవాని భక్తి. కాని ఆ కన్నుకు ముందు కథలో ఒక అడవిపంది ఉన్నది. దాని వెంట పరుగెత్తిన ముగ్గురు మిత్రులున్నారు. భక్తిఘట్టాన్ని చేరుకోవాలనే తొందరలో పాఠకులు ఆ వేటను దాటిపోవడం పరిపాటి. కథకు మూలకందం ఆ వేటలోనే ఉన్నదని నా అభిప్రాయము.

12వ శతాబ్దిలో సేక్కిళార్ తమిళంలో రచించిన పెరియ పురాణంలో ఈ వృత్తాంతం విపులంగా ఉన్నది. తెలుగున పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో దానిని చెప్పినాడు. 16వ శతాబ్దిలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ప్రబంధోచితంగా పెంచి వ్రాసినాడు. కథాస్థలం మన స్వర్ణముఖీ తీరమే. వేటక్రమం మట్టుకు సేక్కిళార్ చెప్పినట్లు ఇక్కడ వివరిస్తాను.

తిన్నని తండ్రి నాగన్ వేటగాండ్రకు దొర. వార్ధక్యం పైబడి అతడు వేటకు పోవడం మానినాడు. అందువల్ల అడవిలో పులులు, పందులు మొదలైన మృగాలు పెచ్చరిల్లి కొండచేలను పాడు చేయసాగినవి. జనులు దొరకు మొరపెట్టుకొన్నారు. అప్పుడు నాగన్ నాయకత్వం కుమారునికి ఒప్పగించి, తొలివేటకు సాగనంపినాడు. ఈ వేటకు మొదలు వినోదం కాదు, పంటచేను. ధర్మశాస్త్రకారులు మృగయను రాజుల వ్యసనాలలో చేర్చినారు. శాకుంతలంలో సేనాపతి అదే మృగయను దేహానికి తేలికదనమిచ్చే వ్యాయామమని పొగడినాడు. తిన్నని వేట ఈ రెండింటికీ చెందదు. అది కాపుదల.

వేటగాండ్రు అడవి చుట్టూ వలలు పన్నినారు. కుక్కలను విడిచినారు. వాద్యాలు మ్రోగించి మృగాలను పొదలనుండి తోలినారు. అంతటి కోలాహలంలోను వారు ఒక నియమం పాటించినారని కవి వివరంగా చెప్పినాడు. ఏనుగు గున్నల వెంట పడలేదు. పసికూనలను చంపలేదు. అడుగు తడబడుతూ నడిచే చూలు మృగాలను బాధించలేదు. ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల క్రిందటి కావ్యంలో, చదువురాని బోయల యెడ చెప్పిన మాట యిది.

ఇంతలో ఒక పంది వల తెంపుకొని కొండవైపు పరుగు తీసినది. మన నిఘంటువులు ఏకలమని చెప్పే అడవిపంది సామాన్యమైన మృగం కాదు. ఆడుపందులు పిల్లలతో మందగా తిరుగుతవి. ఎదిగిన మగపంది తరచు ఒంటిగా సంచరిస్తుంది. దాని క్రింది కోరలు పై కోరలతో ఒరసికొని నిరంతరం పదునెక్కుతూ ఉంటవి. అలసి నిలిచిన పంది పారిపోయే పందికంటె ప్రమాదకారి. తక్కినవారంతా వెనుకబడగా తిన్నని వెంట ఇద్దరే మిగిలినారు: నాణన్, కాడన్. పంది అలసి చెట్లనీడ నిలిచినది. తిన్నడు దూరంనుండి బాణం వేయలేదు. దగ్గరకు పోయి చురకత్తితో రెండు తునకలు చేసినాడు.

అప్పటికి ముగ్గురికీ ఆకలి, దప్పి. నీరున్న చోటు నాణనుకు తెలుసు. నిప్పు చేసి మాంసం కాల్చే పని కాడన్ పూనుకొన్నాడు. కొండపై దేవుడున్నాడని తిన్ననికి చెప్పి, దారి చూపినవాడూ నాణనే. తిన్నడు నోట రుచి చూచి, మెత్తని ముక్కలు ఏరి, ఆకుదొన్నెలో పెట్టి శివునికి అర్పించిన మాంసం ఆ పందిదే. ఆ నైవేద్యంలో ముగ్గురి పరుగు ఉన్నది, కాడన్ నిప్పు ఉన్నది, నాణన్ చూపిన త్రోవ ఉన్నది. చెలికాడు లింగాన్ని వదలి రాకపోగా, ఇతనికి పిచ్చి పట్టినదని తలచి వారు నాగనుకు కబురు చేయడానికి వెళ్లిపోయినారు. లోకం వారిని మరచినది. వారు భక్తులు కారు, అవివేకులూ కారు. మిత్రుని కోసం భయపడిన మామూలు మనుష్యులు. వేటలో కడదాక వెంట వచ్చిన స్నేహం కూడ దాటలేని గట్టు ఒకటి ఉన్నదని కవి చెప్పక చెప్పినాడు.

మన కావ్యాలలో అడవిపంది కనబడిన చోట తరచు ఏదో పరీక్ష ఉన్నది. కిరాతార్జునీయ కథలో మూకాసురుడనే పందిని అర్జునుడూ కిరాతవేషంలోని శివుడూ ఒక్కమారే కొట్టినారు. ఎవరి బాణానికి చచ్చినదన్న తగవే యుద్ధమైనది. మార్కండేయ పురాణంలో స్వరోచి పందిపై బాణం ఎక్కుపెట్టగా ఒక లేడి అడ్డువచ్చి, దానిని విడిచి తన్ను కొట్టుమన్నది.

ఈ ఘట్టం పాఠం చెప్పేటప్పుడు ఒక విద్యార్థి నన్నడిగినాడు: “అయ్యా, ఇప్పుడైతే తిన్నణ్ణి జైల్లో పెట్టరా?” తరగతి నవ్వినది. కాని ప్రశ్న నవ్వులాట కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే అడవిపందిని వేటాడడం నేరం. ఆ అబ్బాయి అడవి అంచు పల్లెనుండి వచ్చినవాడు. వేరుసెనగ, మొక్కజొన్న చేలను పందులు ఒక్క రాత్రిలో ముట్టెతో పెళ్లగించిపోతే ఇంటిల్లిపాదీ ఏమవుతారో నాకంటె అతనికి బాగా తెలుసు. నాగనుకు జనులు పెట్టుకొన్న మొరయే నేటి రైతుల మొర.

అతనికి చెప్పిన సమాధానమే ఇక్కడ వ్రాస్తున్నాను. తిన్నని కత్తికి ఎదుట నిలిచిన జంతువేదో తెలుసు. వల పన్నినవాడు చూలుదానిని, కూనను విడిచిపెట్టగలడు. నేడు కొందరు చేలచుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పరుస్తున్నారు. తీగకు కన్ను లేదు. పందిని, పులిని, తెల్లవారుజామున నీరు కట్టడానికి వచ్చిన పక్క చేని రైతును అది ఒక్క తీరుగనే చంపుతుంది. చేను కాపాడుకోవడం తప్పు కాదు. దానికి ప్రభుత్వం దారి చూపవలెనని అడగడమూ తప్పు కాదు. చూడకుండా చంపడం తప్పు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. కన్నప్ప కథను కంటితో మొదలుపెట్టకుడు. నాగనుకు పెట్టుకొన్న మొరతో మొదలుపెట్టుడు. తరగతిలో రాత్రులు చేని కావలికి పోయే పిల్లవాడొకడు ఉంటే, మంచె మీదనుండి పందిమంద అలికిడి ఎట్లుంటుందో ముందు వానిచేత చెప్పించుడు. పద్యం ఆ తరువాత చదవవచ్చును.