వేసవి సెలవులు – పాతపెట్టె – మన మేనిచాయ

వార్షిక పరీక్షలు ముగిసి కళాశాల తలుపులు మూతపడగానే, ‘ఈ రెండు నెలలూ ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని ఏమి చేస్తారు?’ అని అడిగేవారు చాలామంది. తిని నిద్రపోతారని వారి అభిప్రాయం. మేము కర్నూలు ప్రాంతపు విద్యార్థినులము. మాలో కొందరి ఇంట ఉర్దూ, కొందరి ఇంట తెలుగు మాటలాడుతారు. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. ఆ ఎండలో మేము అనుభవించే చిన్న చిన్న సుఖాలను గురించి, ఇంటి మూలనున్న పాతపెట్టెను గురించి, వాటి నుండి మేము నేర్చుకొన్న ఒక పాఠాన్ని గురించి ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

మొదట మట్టి కూజా. దానిని ఉర్దూలో సురాహీ అంటారు. కాల్చిన మట్టిలో కంటికి కనబడని రంధ్రాలు ఎన్నో ఉంటాయి. లోపలి నీరు వాటిగుండా పైకి చెమర్చి, గాలికి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి అవసరము. ఆ వేడిలో చాలా భాగము కూజాలోని నీటి నుండే పోతుంది. అయిదు లీటర్ల నీటిలో 50 గ్రాములు ఆవిరైతే చాలు, బయటి వేడి లోనికి చొరబడనంతవరకు మిగిలిన నీరు ఇంచుమించు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. గాలి పొడిగా ఉన్నచోట ఈ పని చురుకుగా సాగుతుంది. అందుచేతనే సముద్రతీరపు ఊళ్లలో కంటె మా కర్నూలులో కూజానీరు చల్లగా ఉంటుంది. మా ఎండ చేసే ఉపకారాలలో ఇది మొదటిది.

రెండవది నన్నారి షర్బతు. సుగంధిపాల వేళ్ల నుండి తీసిన పానకంలో నిమ్మరసం పిండి, నానిన సబ్జా గింజలు వేసి ఇస్తే, ఎండలో వచ్చినవారి ప్రాణం లేచివస్తుంది. ఆ వేరు వాసన కొంచెము వనిల్లాను తలపిస్తుంది. దానికి కారణము లేకపోలేదు. వనిల్లాలోని వాసనద్రవ్యమూ, సుగంధివేరులోని వాసనద్రవ్యమూ ఒకే పరమాణువులతో, అన్నే సంఖ్యలో, అమరికలో మాత్రము కొద్ది భేదంతో ఏర్పడినవి. మధ్యాహ్నపువేళ కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికెపై నీరు చల్లి, దాని ప్రక్కన చదువుకోవడం మూడవ సుఖము. ఇక తొలకరి చినుకు పడినప్పుడు లేచే మట్టివాసనను గురించి చెప్పనక్కరలేదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి పాత్రలలో బట్టీపట్టి, ఆ ఆవిరిని గంధపు తైలంలోనికి దింపి ‘మిట్టీ అత్తరు’ తయారుచేస్తారు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టినప్పుడు, ఆ పరిశోధన వ్యాసంలో మన దేశపు ఈ అత్తరును కూడ ప్రస్తావించినారు. ఎండకు ఎండిన మట్టికే ఆ పరిమళము దక్కుతుందని మరువరాదు.

వేసవి సుఖాలలో రాజు మామిడి. మా ప్రాంతపు బంగినపల్లి పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు కొరకు పండు లక్షణాలను వర్ణించినప్పుడు, తొక్కపై ఉండే సన్నని మచ్చలను కూడ ప్రధాన లక్షణంగా చెప్పినారు. అనగా ఆ మచ్చలు పండుకు లోపము కాదు, ఆనవాలు. ఈ మాటను పాఠకులు కొంచెము గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాము. ముందు దీనితో పని ఉన్నది.

సాయంకాలము కాకముందు, ఇల్లంతా కునుకుతీసే సమయంలో, మేము పాతపెట్టెలు తెరుస్తాము. పాతవస్తువులపై ఆసక్తి ఇప్పుడు యువతులలో పెరిగినది. దానిని వింత అభిరుచి అని నవ్వేవారు ఉన్నారు. కాని ప్రతి పాతవస్తువులోను ఒక శాస్త్రపాఠము దాగి ఉన్నది. అవ్వ పెండ్లిచీర జరీ నల్లబడి ఉంటుంది. వెండితీగకు బంగారు పూతపూసి చేసిన ఆ జరీపై, గాలిలోని గంధక వాయువులు సోకి నల్లని పొర ఏర్పడుతుంది. ప్లాస్టిక్ జరీ వెండివలె ఇట్లు నల్లబడదు. తాతగారి నల్లని ఎబొనైటు కలము గోధుమరంగుకు తిరిగినది. గంధకము కలిపి ఉడికించిన రబ్బరే ఎబొనైటు. వెలుతురుకు, తేమకు దాని పైపొర రంగు మారుతుంది. స్వదేశీ స్ఫూర్తితో 1932లో రాజమండ్రిలో ఆరంభమైన రత్నం కలములు ఈ పదార్థముతో చేసినవే.

పెట్టె అడుగున పత్రికలు ఉంటే అవి పసుపుపచ్చబడి ఉంటాయి. చవుకరకం కాగితంలో మిగిలిపోయిన లిగ్నిన్ అనే కర్రపదార్థము వెలుతురుకు, గాలికి మార్పుచెందడమే అందుకు కారణము. 1898లో లాహోరులో మొదలైన ఉర్దూ పత్రిక ‘తహజీబె నిస్వాన్’, 1928లో మద్రాసులో మొదలైన తెలుగు పత్రిక ‘గృహలక్ష్మి’ స్త్రీల కొరకు వెలువడినవి. అటువంటి పాత సంచికను ఎవరైనా చూపితే, పసుపురంగును చూచి మేము విచారింపము, అపురూపంగా రెండు చేతులతో అందుకుంటాము. లక్క, రాతిపొడి కలిపి చేసిన 78 వేగపు గ్రామఫోను రికార్డు తిరిగేటప్పుడు వచ్చే ‘స్‌స్‌’ అను చప్పుడు ఆ రాతిపొడి వలన కలిగేది. దానిని కూడ పాటలో భాగంగా భావించి వింటాము. వస్తువుపై కాలము, వెలుతురు వేసిన గుర్తును మేము ప్రేమిస్తాము.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని మా అందరి కన్నులు తెరిపించిన సంగతి ఒకటి ఈ మధ్య జరిగినది. మా స్నేహితురాలు ఒకామె ఇంట మిద్దెపై మామిడి ఒరుగులు ఆరవేస్తున్నాము. ఆమె మాత్రం మెట్ల దగ్గర నీడలోనే నిలబడినది. పిలిస్తే రాలేదు. ‘వచ్చేనెలలో పెండ్లివారు చూడవస్తున్నారు, నల్లబడితే అమ్మీ ఊరుకోరు’ అన్నది. ఆమెకు మామిడి ఒరుగులంటే చిన్ననాటి నుండి ప్రాణము. ఎండ తగిలి ముక్క బాగా ఎండితేనే ఒరుగు నిలువ ఉంటుందని మాకు నేర్పినదీ ఆమెయే. మేము ఎవరమూ బదులు చెప్పలేకపోయినాము. ఎందుకనగా ఆ భయము మాలో ప్రతి ఒక్కరికీ ఉన్నది. ఆమె దానిని పైకి చెప్పినది, అంతే భేదము.

ఎండకు చర్మము ఎందుకు నల్లబడుతుంది? చర్మపు పైపొర అడుగున మెలనోసైట్లు అను కణాలు ఉన్నాయి. ఇవి మెలనిన్ అను వర్ణకాన్ని తయారుచేస్తాయి. తెల్లని మనిషిలోను నల్లని మనిషిలోను ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. అవి తయారుచేసే వర్ణకపు పరిమాణంలో, రకంలో, పంపకంలో మాత్రమే తేడా. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సోకగానే ఈ వర్ణకము చుట్టుప్రక్కల కణాలలోనికి చేరి, ప్రతి కణంలోను కేంద్రకముపై గొడుగువలె పరచుకొంటుంది. కేంద్రకంలో ఉన్నది మన వంశపారంపర్యపు లిపి. ఆ లిపి చెడకుండ కాపాడడమే ఈ గొడుగు పని. అనగా నలుపు అనునది మురికి కాదు, మచ్చ కాదు. అది శరీరము తనను తాను కాపాడుకొన్నందుకు మిగిలిన గుర్తు. పైపొర కణాలు రాలిపోయే కొద్దీ, కొన్ని వారాలలో ఎండ తెచ్చిన రంగు పలుచబడుతుంది. పుట్టుకతో వచ్చిన రంగు నిలిచి ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే ఆ స్నేహితురాలి ఇంటి పెట్టెలో ఒక పాత ఛాయాచిత్రము దొరికినది. తెల్లని ముఖముతో ఒక యువతి కుర్చీలో కూర్చుని ఉన్నది. ఎవరో మాకు తెలియలేదు. స్నేహితురాలి తల్లిగారికి కూడ వెంటనే తెలియలేదు. చివరకు చేతి గాజులను బట్టి, అది దాదీ పటమని ఆమె గుర్తుపట్టినారు. దాదీ చామనచాయకు మించిన నలుపని ఇంటిల్లిపాదీ ఎరిగినదే. మరి పటంలోని తెలుపు ఎక్కడిది? ఆనాటి ఫిల్ములు చాలవరకు ఎరుపు కాంతిని గ్రహింపలేనివి. కావున ఎరుపు కలిసిన గోధుమరంగు చర్మము ఉన్నదానికంటె నల్లగా పడేది. దానిని ‘సరిదిద్దడానికి’ స్టూడియోవారు నెగటివుపై సన్నని పెన్సిలుతో ముఖభాగాన్ని రుద్దేవారు. నెగటివులో ఎక్కడ మందము పెరిగితే, అచ్చులో అక్కడ తెల్లబడుతుంది. ముడతలు, మచ్చలు, పుట్టుమచ్చలు అన్నీ పెన్సిలు క్రిందికి పోయేవి. అది వారి వృత్తిధర్మము, ఇంటివారు కోరినదీ అదే. కాని ఫలితమేమి? ముఖము తెల్లబడినది, మనిషి పోయినది. సొంత కోడలే గాజులను చూచి గుర్తుపట్టవలసి వచ్చినది. దాదీకి బుగ్గపై ఒక పుట్టుమచ్చ ఉండేదట. తన బుగ్గపై సరిగా అదేచోట ఉన్న మచ్చను మా స్నేహితురాలు చేతితో తడుముకొన్నది. ఆ మచ్చ ఎవరి నుండి వచ్చినదో ఆ పటము ఎన్నటికీ చెప్పదు.

ఆనాడు పెన్సిలు చేసిన పనిని తరువాత క్రీములు చేపట్టినాయి. 1975లో మన విపణిలోనికి వచ్చిన ప్రసిద్ధమైన క్రీము ఒకటి, 2020లో తన పేరు నుండి తెలుపును సూచించే మాటను తొలగించుకొన్నది. మాట పోయినంత మాత్రాన మనసులోని భావము పోదు. 2009లో చెన్నైలో మొదలైన ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ఉద్యమము ఈ భావమునే ప్రశ్నించినది. చర్మాన్ని తెల్లబరుస్తామని చెప్పుకొనే కొన్ని క్రీములలో పాదరసము ఉండి మూత్రపిండాలకు హానిచేస్తుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించినది. వైద్యుల సలహా లేక వాడే స్టెరాయిడు క్రీములు చర్మాన్ని పలుచబరుస్తాయి. శరీరము వేసుకొన్న గొడుగును లాగివేయడానికి ఇంత మూల్యము చెల్లించడం ఏమి వివేకము?

ఇట్లనగా మిట్టమధ్యాహ్నము ఎండలో తిరగమని మేము చెప్పడం లేదు. వడదెబ్బ ప్రాణాంతకము. గొడుగు, నూలు దుపట్టా, కూజానీరు ఎప్పుడూ అవసరమే. అయితే ఎండ తాపానికి గొడుగు వేయడం వేరు, ‘ఎవరైనా వంకపెడతారు’ అని ఎండకు దాగడం వేరు. మొదటిది జాగ్రత్త. రెండవది తన ఇంటి మిద్దెపై తానే పరాయిదై బ్రతకడం.

సోదరీమణులారా! నల్లబడిన జరీని వెండి అని మెచ్చుకొంటున్నాము. రంగుమారిన కలమును, పసుపుపచ్చని పత్రికను భద్రపరుస్తున్నాము. బంగినపల్లి పండు మచ్చను ఆనవాలని ఒప్పుకొంటున్నాము. అద్దం ముందు నిలబడినప్పుడు మాత్రము వేరొక కొలత ఎందుకు తీస్తున్నాము? ఈ ప్రశ్నకు మాలో అందరికీ ఇంకా సమాధానము దొరకలేదు. ఒక మాటతో తొలగే భయము కాదిది. పెండ్లిచూపులు కూడ ఇంకా జరగవలసియే ఉన్నవి.

కాని మరునాడు ఉదయము ఒరుగులు తిరగవేయడానికి మా స్నేహితురాలు మాతో మిద్దె ఎక్కినది. తలపై దుపట్టా కప్పుకొన్నది, ముఖము మాత్రము కప్పుకోలేదు. దాదీ పటము వెనుక ఆమె తల్లిగారు స్వయంగా, ఒక ప్రక్క ఉర్దూలోను ఒక ప్రక్క తెలుగులోను, దాదీ పేరు వ్రాసి, దాని క్రింద ‘చాయ నలుపు, ఎడమ బుగ్గపై పుట్టుమచ్చ’ అని చేర్చినారు. ఇక ముందు పెట్టె తెరిచే పిల్లలకు గాజులను వెదకవలసిన పని ఉండదు.